పొగ బండి వెళ్ళిపోయాక కూడా దోమలెందుకుంటాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. భీమవరంలో ఉంటున్నారు. వారం పది రోజులకోసారి మీ వీధిలోకి పొగ బండి వస్తోంది. ఆ రాత్రి కాస్త తెరిపిగా ఉంటుంది, మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. మున్సిపాలిటీ దోమల మీద నిజంగా ఏమైనా చేస్తోందా, చెయ్యాల్సింది ఏమిటి, సింగపూర్‌లో లేని దోమలు మనకే ఎందుకు అని అడిగారు. నేను మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా ఉభయ గోదావరి జిల్లాల పట్టణాల్లోనే గడిచింది. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు సూటిగా ఒక మాట. దోమల పనిలో పొగ అన్నిటికన్నా చివరిది. డెంగీ కేసు బయటపడినప్పుడు అప్పటికే ఎగురుతున్న దోమల్ని తొందరగా చంపడానికి అది కావాలి, కాదనను. కానీ పట్టణంలో దోమ తగ్గడం, పెరగడం పొగ మీద ఆధారపడదు. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, ఆ నీళ్ళ దగ్గరికి మనిషి వారానికోసారి వెళ్తున్నాడా లేదా, ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది. మన డెల్టాలో మొదటిదే పెద్ద చిక్కు.

పొగ బండిలో పోసేది నూటికి తొంభై అయిదు పాళ్ళు డీజిలే. పాతకాలం నుంచీ ఉన్న లెక్క ఒక లీటరు మలాథియాన్‌కి 19 లీటర్ల డీజిలు. ఈమధ్య వేరే మందులూ వచ్చాయి గానీ పద్ధతి అదే. మిషను ఆ మిశ్రమాన్ని వేడిచేసి సన్నటి తుంపరగా వదులుతుంది. ఆ తుంపర ఎగురుతున్న దోమకి తగిలితే దోమ చస్తుంది, తగలకపోతే లేదు. గోడకి అంటుకుని రేపూ ఎల్లుండీ పనిచేసే గుణం దానికి లేదు. డ్రెయిన్ నీళ్ళలో ఉన్న లార్వాకి, అంటే గుడ్డులోంచి వచ్చిన దోమ పురుగుకి, చీమ కుట్టినట్టయినా ఉండదు. మీ వీధి చివర మురుగ్గుంటలో ఆ సాయంత్రం లార్వా దశ దాటి ప్యూపా దశలో ఉన్నవి పొగ పోయిన గంటకో రెండు గంటలకో రెక్కలు విప్పుకుని బయటికొస్తాయి. మీరు మర్నాడు రాత్రి చూసేది వాటినే.

పైగా పొగకి వేళాపాళా ఉంది. పొద్దు వాలాక, గాలి లేనప్పుడు కొడితే పొగ నేలని అంటుకుని నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి కొడితే నేల వేడికి అలా పైకి లేచి పోతుంది. బండి కూడా మనిషి వడిగా నడిచే వేగాన్ని మించి పోకూడదు. మీ వీధిలో బండి రయ్యిన వెళ్ళిపోతోందంటే ఆ రోజు మందు దండగ. ఇంకో సంగతి, పొగ రాగానే మనం చేసే పని తలుపులూ కిటికీలూ మూసెయ్యడం. డెంగీ దోమ ఉండేది మంచం కింద, కొక్కేనికి తగిలించిన బట్టల వెనక, బీరువా సందులో. వీధిలో పొగ వీధిలోనే పోతుంది, లోపలి దోమ లోపలే ఉంటుంది. అందుకే డెంగీ కేసు వచ్చిన ఇంటి చుట్టుపక్కల వీధిలో పొగ ఒక్కటే కాకుండా ఇళ్ళలోకి వచ్చి పైరిత్రమ్ అనే మందు కొడతారు. 2 శాతం పైరిత్రమ్ ఒక వంతుకి 19 వంతుల కిరోసిన్ కలిపి చేతి పంపుతో గది గదికీ కొట్టి, కాసేపు తలుపులు మూసి ఉంచాలి. దానికి మాత్రం మన ఇళ్ళలో చాలామంది ఒప్పుకోరు. వంటగదిలోకి రావద్దంటారు, దేవుడి గది దగ్గరికి రావద్దంటారు, చివరికి వరండాలో కొట్టించుకుని పంపిస్తారు. (ఇంకో మాట, ఆ పొగ వెనకాల పిల్లల్ని పరిగెత్తనివ్వకండి. మలాథియాన్ పొలాల్లో పురుక్కి కొట్టే జాతి మందే.)

మరి మున్సిపాలిటీలు పొగ మీదే ఎందుకు పడతాయంటే, పొగ కనపడుతుంది, చప్పుడు చేస్తుంది, ఫోటో బాగా వస్తుంది. డ్రెయిన్లో పోసిన అబేట్, అదే లార్వా మందు, ఎవరి కంటికీ ఆనదు. ఒక పట్టణంలో నేను చూశాను, పండగ ముందు వార్డు వార్డుకీ పొగ కొట్టించాలని పట్టుబట్టి ఆ మూడు నెలల డబ్బు డీజిలుకే పోశారు. పండగ వెళ్ళాక డ్రెయిన్లలో చల్లడానికి మందు లేదు. ఆ ఏడు మాఘమాసంలో ఆ ఊళ్ళో సాయంత్రం అరుగు మీద కూర్చున్న మనిషి లేడు.

ఇప్పుడు మీ దోమ ఏదో చూద్దాం, ఎందుకంటే దాన్ని బట్టే మందు మారుతుంది. పట్టణంలో పట్టించుకోవాల్సినవి మూడు రకాలు. సాయంత్రం ఆరు దాటాక ఇంట్లోకి గుంపుగా వచ్చి, రాత్రంతా చెవి దగ్గర రొద పెట్టేది క్యూలెక్స్. మురుగునీళ్ళు దాని పుట్టిల్లు, బోదకాలు మోసేది అదే. పట్టపగలు, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం పూటల్లో, చప్పుడు లేకుండా కాళ్ళ దగ్గర కుట్టేది, నల్లటి ఒంటి మీద తెల్ల చారలున్నది ఈడిస్. డెంగీ, చికున్‌గున్యా దాని వల్లే. దానికి మురుగు అక్కర్లేదు, మీ ఇంట్లో శుభ్రమైన నీళ్ళు కావాలి. మూడోది అనాఫిలిస్, మలేరియా దోమ. పట్టణాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకులు, పాడుబడ్డ నూతులు దాని చోట్లు. మన డెల్టా పట్టణాల్లో మలేరియా బాధ తక్కువే, అసలు మలేరియా పని పైన రంపచోడవరం, చింతూరు మన్యంలో ఉంటుంది. అక్కడ ఇళ్ళ గోడలకి మందు కొట్టడం, మందు పట్టించిన దోమతెరలు పంచడం వేరే కథ.

మీరు రాసిందాన్ని బట్టి మీది క్యూలెక్స్ బాధ. దోమల మీద ఫిర్యాదులు ఎక్కువ పాళ్ళు దాని మీదే వస్తాయి. మనుషుల్ని ఆస్పత్రి పాలు చేసేది ఎక్కువగా ఈడిస్. జనం మొరపెట్టుకునేది ఒక దోమ గురించి, జబ్బు తెచ్చేది ఇంకో దోమ. మున్సిపాలిటీ పని ఈ రెండింటి మధ్యా నలిగిపోతూ ఉంటుంది.

క్యూలెక్స్ సంగతి తెలియాలంటే డెల్టా వాలు తెలియాలి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తిచేశాడు. నీళ్ళు తెచ్చే కాలువల గురించి మనవాళ్ళు ఇప్పటికీ దండం పెట్టుకుంటారు. కానీ ఆ నీళ్ళు బయటికి పోవాల్సిన డ్రెయిన్ల గురించి వరద వచ్చినప్పుడు తప్ప ఎవరూ మాట్లాడరు. భీమవరం మధ్యలోంచి పోయే యనమదుర్రు డ్రెయిన్ పైనుంచి ఎర్రకాలువ నీళ్ళు మోసుకొస్తుంది, మధ్యలో ఊళ్ళ మురుగంతా కలుపుకుంటుంది, కిందికి పోయేకొద్దీ సముద్రపు పోటుకి వెనక్కి తన్నుతుంది. పోటు మీద ఉన్నప్పుడు మురుగు కదలదు, పాటు వచ్చాక మెల్లిగా జారుతుంది. పెద్ద డ్రెయిన్ నిండుగా ఉంటే దాంట్లోకి దిగాల్సిన వీధి డ్రెయిన్లు ఎలా పారతాయి? వాలు చెప్పుకోదగ్గంత ఉండదు. నిక్కచ్చిగా చెప్పాలంటే మన పట్టణాల్లో సగం వీధి కాలవలు పారవు, నిలుస్తాయి. క్యూలెక్స్‌కి కావలసింది అదే. పారే నీళ్ళలో అది గుడ్లు పెట్టదు, పెట్టినా నిలవవు.

దాని మీద గుర్రపుడెక్క, తూడు. డ్రెయిన్‌ని పచ్చగా కప్పేస్తే కింద నీరు కదలదు, చేపలు సరిగ్గా తిరగలేవు, మనం చల్లిన మందు నీటిదాకా దిగదు. ఈ మొక్కల వేళ్ళని పట్టుకుని ఊపిరి తీసుకునే మాన్సోనియా అనే దోమ కూడా ఉంది. అందుకని డెక్క తీయించడాన్ని నేను ఊరి సుందరీకరణ లెక్కలో వెయ్యను, దోమల పని లెక్కలో వేస్తాను. తీసి గట్టు మీదే కుప్ప వేసి వెళ్ళిపోతారు చూడండి, వానకి మళ్ళీ అదే డ్రెయిన్లోకి జారుతుంది. పూడికదీ అదే కథ. తీసిన పూడిక మూడోరోజుకల్లా ట్రాక్టరెక్కాలి.

మన దగ్గర క్యూలెక్స్ క్యాలెండరు కూడా వేరు. వానాకాలంలో డ్రెయిన్లు కొట్టుకుపోతూ ఉంటాయి కాబట్టి కాస్త తగ్గుతుంది. వానలు ఆగాక, సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా, మురుగు చిక్కబడుతుంది, కొట్టుకుపోయే నీళ్ళు లేవు, వాతావరణం దోమకి సరిగ్గా ఉంటుంది. మీరు గమనించే ఉంటారు, శివరాత్రి చుట్టుపక్కల జాగారం చేసేవాళ్ళకి దోమలే తోడు. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. పంట కాలువల నుంచి డ్రెయిన్లలోకి దిగే నీళ్ళూ ఆగిపోతాయి, మురుగు మడుగు కడుతుంది. అప్పుడే ఇళ్ళలో మంచినీళ్ళ ఎద్దడి మొదలై డ్రమ్ములు, గోళేలు నింపుకోవడం పెరుగుతుంది. బయట క్యూలెక్స్‌కీ, లోపల ఈడిస్‌కీ ఒకేసారి చోటు ఏర్పడుతుంది. జూన్‌లో కాలువలు వదిలి వానలు పడ్డాక ఈడిస్ విజృంభిస్తుంది.

ఇక ఎవరూ చూడని చోటు ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు. మన నేలలో రెండు మూడు అడుగులు తవ్వితే నీరు పడుతుంది, ఇంకుడు గుంట ఇంకించుకోదు. అందుకని ట్యాంకు నిండితే పొంగు పైపుని డ్రెయిన్లోకి వదిలేస్తారు. ట్యాంకులో ఎప్పుడూ నిలిచిన నీళ్ళు, చీకటి, వెచ్చదనం, తినడానికి కావలసినంత. దాని పైన ఆకాశంలోకి ఒక నాలుగంగుళాల గాలి పైపు, మూతి తెరిచి. ఆ వాసన పట్టుకుని ఆడదోమ పైపులోంచి దిగుతుంది, ఒక్కోసారి వంద నుంచి మూడొందల గుడ్లు చిన్న తెప్పలా నీటి మీద పెడుతుంది, వారం పదిరోజులకి పిల్లలు అదే పైపులోంచి బయటికొస్తాయి. నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యండి. సాయంత్రం నాలుగింటికి ఆ పైపు మూతికి పల్చటి నైలాన్ దోమతెర ముక్క చుట్టి గట్టిగా కట్టండి. మర్నాడు పొద్దున్నే టార్చి వేసి చూడండి. తెర లోపలి వైపు నల్లగా పట్టి ఉంటుంది. వేలితో తడితే బూడిదలా లేచి మళ్ళీ అక్కడే వాలతాయి. అవన్నీ ఆ రాత్రి మీ పడగ్గదికి రావాల్సినవి.

ఆ తెర కట్టడానికి ఇంటికి పది, పదిహేను రూపాయలు మించదు. నైలానే కావాలి, ఇనుప జల్లెడ ఆ ఆవిరికి తుప్పు పట్టి నాలుగు నెలల్లో రాలిపోతుంది, నూలు గుడ్డ కుళ్ళుతుంది. సైకిలు ట్యూబు ముక్కతో బిగిస్తే గాలివానకి ఊడదు. చాంబరు మూతల పగుళ్ళు, శ్లాబు అంచు సందులు సిమెంటుతో పూయాలి. లేకపోతే పైపు మూసినా అక్కడినుంచి తోవ చేసుకుంటాయి. వీధిలో పది ఇళ్ళకి కట్టి ఇరవై వదిలేస్తే ఏమీ తెలియదు. క్యూలెక్స్ కిలోమీటరు దాటి ఎగరగలదు. కాలనీ కాలనీకి కట్టిస్తే మాత్రం ఒక్క నెలలో తేడా తెలుస్తుంది. ఇన్నేళ్ళలో నేను చూసిన పనులన్నిట్లో పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

ఇక మున్సిపాలిటీ చెయ్యాల్సిన అసలు పని, లార్వా పని. దీని లెక్కంతా ఒక్క సంగతి మీద నిలబడింది. మన వేడికి గుడ్డు నుంచి దోమ అవడానికి ఏడు నుంచి పది రోజులు. అంటే ప్రతి నీటి చోటుకీ ఏడు రోజులకోసారి మనిషి వెళ్తే దోమ పుట్టదు. పదో రోజుకి వెళ్తే ఒక బ్యాచ్ ఎగిరిపోయాక వెళ్ళినట్టు. అందుకని పట్టణాన్ని బీట్లుగా కోస్తారు. సోమవారం బీటు, మంగళవారం బీటు అని శనివారం దాకా ఆరు ముక్కలు. అదే మనిషి, అదే దారి, వచ్చే వారం అదే రోజు. భుజాన పంపు, చేతిలో గరిటెలాంటి డిప్పరు. డిప్పరు డ్రెయిన్లో ముంచి పైకెత్తి వెలుతురులో చూడాలి. తలకిందులుగా, ఏటవాలుగా వేలాడేవి క్యూలెక్స్ లార్వా. నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. కామాలా ముడుచుకుని గిరగిరా తిరిగేవి ప్యూపా. లార్వా చిన్నవైతే మనం టైముకి వచ్చినట్టు. ప్యూపాలే ఎక్కువున్నాయంటే పోయిన వారం ఈ చోటు ఎగ్గొట్టారన్నమాట. పుస్తకంలో సంతకం ఉందా లేదా అన్నది చూడక్కర్లేదు, డిప్పరే చెబుతుంది.

మందు టెమిఫాస్, మా వాళ్ళందరూ అబేట్ అనే అంటారు. 50 శాతం మందు రెండున్నర మిల్లీలీటర్లు పది లీటర్ల నీళ్ళలో కలిపితే 500 చదరపు మీటర్ల నీటి మీద చల్లవచ్చు. అంత పల్చన. ఎక్కువ పోస్తే ఎక్కువ చస్తాయని పోసేవాళ్ళున్నారు. అలా పోస్తే ఖర్చు, పైగా కొన్నేళ్ళకి మందుకి లొంగని దోమ తయారవుతుంది. రెండోది బీటీఐ, ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చే పొడి. లార్వా తింటేనే పనిచేస్తుంది, మనకీ చేపలకీ ఏమీ కాదు. మురుగు మరీ చిక్కగా ఉన్నచోట దాని జోరు తగ్గుతుంది. ప్యూపా ఏమీ తినదు కాబట్టి దాని మీద బీటీఐ పనిచెయ్యదు, అబేట్ కూడా దాదాపు అంతే. ప్యూపా ఉన్నచోట ఎంఎల్ ఆయిల్ అనే దోమల నూనె చల్లాలి. నూనె పొర కమ్మితే ఊపిరాడక చస్తాయి.

ఆయిల్ బాల్స్ అని పేపర్లో ఫోటోలు చూస్తుంటారు. రంపపు పొట్టు గుడ్డలో కట్టి, వాడేసిన ఇంజనాయిల్లో నానబెట్టి డ్రెయిన్లో పడేస్తారు. చిన్న నిలవ గుంటలో పనిచేస్తాయి, అబద్ధం చెప్పను. చెత్త నిండిన డ్రెయిన్లో నూనె పరుచుకోదు, పారే డ్రెయిన్లో కొట్టుకుపోతుంది. పోయి పోయి అది చేపల చెరువులకి వెళ్ళే నీళ్ళలో కలుస్తుంది. నా మట్టుకు నాకు అవి ఫోటోకి తప్ప నచ్చవు.

బీటు ఎందుకు ఎగిరిపోతుందో కూడా చెప్పాలి. ఆ మనుషులే చెత్తకీ, ఆ మనుషులే మంత్రిగారి పర్యటనకి ముగ్గు చల్లడానికీ, ఆ మనుషులే సర్వేలకీ. మూడు రోజులు పక్క డ్యూటీకి వేస్తే ఆ మూడు బీట్లలో దోమ పుట్టినట్టే. ఇంకో అడ్డం మనమే పెడతాం. ఇంటి ముందు డ్రెయిన్ మీద కారు ఎక్కడానికి ర్యాంపు పోసేస్తాం, కొట్ల ముందు అయితే వీధి పొడుగునా శ్లాబే. దాని కింద ఏముందో పంపు వెళ్ళదు, పార వెళ్ళదు. మడుగు కట్టేది సరిగ్గా ర్యాంపు కిందే. కనీసం మధ్యలో తీయడానికి వీలున్న పలకలు పెట్టించుకోండి.

చేపల మాటెత్తుతారు చాలామంది. గంబూసియా చేపని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. రోజుకి వందకి పైగా లార్వాని తింటుంది. పాడుబడ్డ నూతులు, గుడి కోనేరు మూలలు, ఫౌంటెన్లలో వదలవచ్చు. మురుగు కాస్త తట్టుకునేది గప్పీ. పంట కాలువల్లో, చెరువుల్లో మాత్రం గంబూసియా వదలకండి, అది మన చేపల గుడ్లనీ పిల్లల్నీ కూడా తింటుంది, అక్కడ ఆ పనికి మన చిన్న చేపలే చాలు. భీమవరం చుట్టూ ఉన్న చేపల చెరువుల వల్లే దోమలని ఒక మాట ఉంది. గట్లు శుభ్రంగా ఉన్న చెరువులో దోమ పెద్దగా పుట్టదు, చేపలే తినేస్తాయి. గట్టు అంచున గడ్డి నీళ్ళలోకి వాలినచోట, సాగు మానేసి వదిలేసిన చెరువుల్లో పుడుతుంది. వరి చేలల్లో పుట్టే వేరే జాతి క్యూలెక్స్ మెదడువాపు మోస్తుంది, దానికి పందులు, కొంగలు ఆలవాలం. అది మున్సిపాలిటీ చేతిలో సగమే ఉంది, పందుల్ని ఊరి బయట ఉంచడం దాకా.

ఈడిస్ దగ్గరికి వస్తే మున్సిపాలిటీ దాదాపు చేతులెత్తేసినట్టే, ఎందుకంటే అది పుట్టేది మీ గేటు లోపల. ఎగిరేది కూడా మామూలుగా వంద, రెండొందల మీటర్లే. ఇంట్లో ఉండగా మిమ్మల్ని డెంగీ దోమ కుట్టిందంటే అది చాలావరకు మీ ఇంట్లోనో, చుట్టుపక్కల ఇళ్ళలోనో పుట్టిందే. కోనసీమ వైపు కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు, పెరట్లో వాడని రోళ్ళు. టౌన్లో ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, మనీప్లాంటు సీసా, డాబా మీద పాత టైర్లు, పిట్టలకి పెట్టిన నీళ్ళ గిన్నె, కట్టుబడి జరుగుతున్న అపార్టుమెంటులో లిఫ్టు గుంట. అమలాపురంలో ఒక ఇంట్లో అన్ని తొట్లూ బోర్లించి ఉన్నాయి, అయినా దోమ ఆగలేదు. చివరికి దొరికింది గేటు స్తంభానికి పైన కప్పు లేకుండా వదిలేసిన ఇనుప గొట్టంలో. అరచెయ్యి నిండనంత నీటిలో ఇరవై లార్వా.

ప్రతి శుక్రవారం డ్రైడే అంటారే, అది ఊరికే పెట్టింది కాదు, పైన చెప్పిన ఏడు రోజుల లెక్కే. కానీ నీళ్ళు పారబోసి మళ్ళీ నింపితే సగం పనే. ఈడిస్ గుడ్లు నీటి మీద పెట్టదు, నీటి అంచుకి కాస్త పైన తడి గోడకి అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి చావవు, నీళ్ళు తగలగానే పిగులుతాయి. కాబట్టి డ్రమ్ము లోపలి గోడని పీచుతో, కాస్త బ్లీచింగ్ వేసి తోమాలి. మే నెలలో ఎండబెట్టి అటక మీద పెట్టిన గోళెం ఆగస్టులో కిందికి దించి నింపితే, అప్పటి గుడ్లు ఇప్పుడు దోమలవుతాయి.

ఆశా కార్యకర్త, వార్డు శానిటేషన్ సెక్రటరీ ఇంటింటికీ వచ్చి తొట్లలోకి టార్చి వేసి చూసి రాసుకునేది ఒక సూచీ కోసం. వంద ఇళ్ళలో లార్వా ఉన్న పాత్రలు ఎన్ని అన్నది బ్రిటో సూచీ. అది అయిదు లోపుంటే గండం తక్కువ, యాభై దాటితే డెంగీ తలుపు తట్టినట్టే అని పాత లెక్క. మీరు వాళ్ళని గేటు దగ్గర్నుంచే పంపిస్తే మీ వార్డు సూచీ అబద్ధం అవుతుంది, మందు ఇంకో వార్డుకి పోతుంది.

బోదకాలు మాట రెండు ముక్కల్లో. ఆ క్రిమి పిల్లలు రాత్రిపూటే రక్తంలో పైకి తేలతాయి, అందుకే మా వాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక తలుపు కొట్టి వేలి చివర రక్తం తీసుకునేవారు. దొంగలనుకుని కుక్కల్ని వదిలిన ఇళ్ళూ ఉన్నాయి. బోదకాలు మాత్రలు పంచినప్పుడు మనవాళ్ళు తీసుకుని అల్మారాలో పెడతారు. దయచేసి ఇచ్చినవాళ్ళ ఎదురుగానే మింగండి, దోమలు తగ్గకపోయినా బోదకాలు తగ్గే దారి అది.

సింగపూర్ అడిగారు. అక్కడ ఇంట్లో లార్వా దొరికితే జరిమానా, ఇన్‌స్పెక్టరు లోపలికి రావడానికి చట్టం ఒప్పుకుంటుంది. వోల్బాకియా అనే సూక్ష్మజీవి ఉన్న మగదోమల్ని వదిలే పథకం 2016 నుంచి నడుస్తోంది. ఆ మగవాటితో కలిసిన ఆడదోమ గుడ్లు పిగలవు. అయినా 2020లో అక్కడ 35 వేలకి పైగా డెంగీ కేసులు వచ్చాయి. దోమ లేని ఊరు అని ఎవరైనా చెబితే నమ్మకండి. మన దేశంలో పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ కూడా వోల్బాకియా ఉన్న ఈడిస్ దోమల్ని తయారుచేసింది. మన రాష్ట్రం 2025లో ఆరు కార్పొరేషన్లలో 66 చోట్ల దోమల్ని లెక్కపెట్టే సెన్సార్లు పెడతామని ప్రకటించింది, వాటిలో కాకినాడ, రాజమహేంద్రవరం ఉన్నాయి. ఏ జాతి దోమ, ఎంత అన్నది చెబితే మంచిదే, మందు కావలసినచోటికి పోతుంది. కానీ సెన్సారు కింద ఎర్ర లైటు వెలిగినా మర్నాడు పంపు భుజాన వేసుకుని వెళ్ళే మనిషి ఉండాలి. నాకు తెలిసి అన్ని ఊళ్ళలోనూ కొరత ఆ మనిషికే.

మీరు చెయ్యగలిగింది ఇంత. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టేటప్పుడు పొగ బండి కావాలని రాయకండి. మా వీధి ఏ రోజు బీటులో ఉంది, పోయిన నాలుగు వారాలు ఎవరు వచ్చారు, అబేట్ స్టాకు ఎంత ఉంది, ర్యాంపుల కింద పూడిక ఎప్పుడు తీస్తారు అని రాయండి. బీటు మనిషి వచ్చిన రోజు మీరే వెళ్ళి డిప్పరు ముంచమనండి, వాళ్ళకీ ఎవరో చూస్తున్నారన్న ఉత్సాహం వస్తుంది. సెప్టిక్ పైపులకి తెరలు మాత్రం కాలనీ సంఘమే చందా వేసుకుని కట్టించుకోవడం నయం, టెండరు దాకా పోతే ఏడాది పడుతుంది. కట్టించేది సంక్రాంతి లోపు కట్టించండి. మాఘం వచ్చాక కడితే అప్పటికే పైకొచ్చిన దోమలు మరో మూడు వారాలు తిరుగుతాయి, తెరల వల్ల ఏమీ కాలేదని మీ వాళ్ళే పీకేస్తారు.